అంగడి కొలువులు



మనము దినమునకు మూడు పూటలు వండుచున్నాము గాని, ఆ సరకు మన వంటయింటికి వచ్చులోపల ఎందరి చేతులు మారినదో విచారించుట యరుదు. ధర విచారింతుము, తూకము విచారింతుము, కందిపప్పును చేటలో పోసి పుల్లలున్నవా యని చూతుము. తూచి యిచ్చిన చేతికి నెలజీతమెంత, ఆ కొలువు రాబోవు సంవత్సరమునకు నిలుచునా యను ప్రశ్న మనకు తోచదు. ఈ నెల యీ పుటలో ఆ ప్రశ్ననే యెత్తుకొనుచున్నాను. ఇందుకు కారణము లేకపోలేదు. మన యాడుపిల్లలు ఇంటరో డిగ్రీయో ముగించి, "అమ్మా! ఫలానా మార్టులో పనికి పిలుచుచున్నారు, పోదునా?" అని యడుగుట ఇప్పుడు చిన్న పట్టణములలో సైతము వినవచ్చుచున్నది. పొమ్మనుటకుగాని వలదనుటకుగాని ముందు ఆ కొలువు స్వరూపము తల్లికి తెలిసియుండవలెను గదా. ఈ వ్యాసములో నేను చెప్పునది ముఖ్యముగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు సంగతి.

అంగడిలో నిలిచి అమ్ముట అల్పమైన పని యని తలచువారు మనలో నింకను కలరు. అట్టివారు భారతము నొక్కసారి తలచుకొందురు గాక. కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకై మిథిలానగరమున ధర్మవ్యాధుని వెదకుకొని పోయినది మాంసము విక్రయించు అంగడికే. జాజలి యను తపస్వి ధర్మము వినుటకు పోయినది వారణాసిలో తులాధారుడను వర్తకుని యొద్దకే. కౌశికుని మిథిలకు పంపినది ఒక గృహిణి యన్న సంగతి కూడ మనము మరువరాదు. కావున పరువు మాట యటుంచి, బ్రతుకు మాట చూతము.

మొదట పచారీ కొట్టు. ఏ వీధి మొగనైనను ఒకటి యుండును. తెల్లవారుజామున పాలప్యాకెట్ల పెట్టెలు దింపుకొనునది ఇల్లాలు. భర్త టోకు బజారునకు పోయి వచ్చులోపల చింతపండు పొట్లములు కట్టునది, శనగపిండి తూచునది, ఎవరింటి అరువు ఎంతయైనదో జ్ఞాపకముంచుకొనునది ఆమెయే. మధ్యాహ్నము పొయ్యిమీద కూర యుడుకుచుండగా రెండు సార్లు లేచివచ్చి బెల్లమిచ్చి పోవును. కొట్టు బోర్డు మీద పేరు భర్తది. కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా, ఫోనులో డబ్బు వచ్చి పడు క్యూఆర్ కాగితము సర్వము భర్త పేరనే యుండును. జనాభా లెక్కలవారు వచ్చి "మీరేమి చేయుదు"రని యడిగిన, "ఏమియు లేదండీ, ఇంటిపనే" యని చెప్పునది కూడ ఆమెయే!

ఇది ఒక్క కొట్టు సంగతి కాదు. కేంద్రప్రభుత్వము వారు ఏటేట చేయించు శ్రామికశక్తి సర్వేను బట్టి, మన దేశములో పదునైదేండ్లు దాటిన స్త్రీలలో పనిలో నున్నవారును పని కొరకు చూచువారును కలిసి 2017-18లో నూటికి 23.3 మంది; 2023-24 నాటికి 41.7 మంది. ఈ యంకెను చూచి స్త్రీలకు కొలువులు వెల్లువగా వచ్చినవని వ్రాసినవారు కలరు. వారు చదువవలసిన వరుస మరియొకటి కలదు. ఆ పనిచేయు స్త్రీలలో మూడవ వంతుకు మించినవారు ఇంటి వ్యాపారములోను ఇంటి సేద్యములోను జీతము లేక తోడ్పడువారే. అనగా లెక్కకు ఎక్కినారు గాని, చేతికి పైసా ఎక్కలేదు. పచారీ కొట్టు ఇల్లాలు ఆ వరుసలోనిదే.

ఇక పెద్ద దుకాణములు. ఉమ్మడి రాష్ట్రములో 1999 జనవరి 26వ తేదీన రైతు బజారులు మొదలైనవి. రైతులే, వారి యిండ్ల స్త్రీలే వచ్చి కూరలమ్ముకొనుటకు ప్రభుత్వము చోటు చూపినది. నడుమ దళారి లేడు. అటుపిమ్మట ఏడేండ్లకు, 2006 నవంబరులో, రిలయన్స్ ఫ్రెష్ వారు తమ తొలి దుకాణములను హైదరాబాదులోనే తెరచిరి. అంతకు ముందే హైదరాబాదులో పుట్టి ఆంధ్రపట్టణములకు ప్రాకిన త్రినేత్ర దుకాణములను 2007లో ఆదిత్య బిర్లా వారు కొని 'మోర్' అని పేరు మార్చిరి. ఆ మోర్ సంస్థ 2018-19లో తిరిగి చేతులు మారినది. డీమార్ట్ వారి పెద్ద కొట్లు తరువాత వచ్చినవి. అప్పుడు పచారీ కొట్లన్నియు మూతపడునని చాలమంది భయపడిరి. కొన్ని మూతపడినవి, పెక్కు నిలిచినవి. పది రూపాయల కారము, వారము దినముల అరువు ఏ మార్టులోను దొరకదు గనుక నిలిచినవని నా యభిప్రాయము.

మార్టులో కొలువనగా నేమి? బిల్లు వేయుట, అరలు నింపుట, గడువు తీరిన పొట్లములను ఏరి తీయుట, కూరలు తూచి చీటీ అంటించుట, వాకిట సంచులు చూచుట. చదువుతో పెద్ద పని లేదు, ఓర్పుతో నున్నది. కాని పచారీ కొట్టు ఇల్లాలికి లేనిది ఒకటి ఇచట నున్నది. జీతము ఆ పిల్ల పేరనే, ఆమె బ్యాంకు ఖాతాలోనే పడును. ఇది చిన్న విషయమని నేననుకొనను. తన పేరన నెలకు కొంత సొమ్ము వచ్చు ఆడుపిల్ల ఇంట మాటలాడు తీరే వేరు. పెండ్లి మాటలలో సైతము ఆమెను ఒక్క మాట యడుగుదురు.

ఇక కష్టము. కష్టములలో మొదటిది నిలువుకాలి మీద నిలుచుట. కొనువారు లేని సమయమున సైతము కూర్చుండరాదను నియమము చాల దుకాణములలో నుండెడిది. కేరళ రాష్ట్రములో బట్టల కొట్లలో పనిచేయు స్త్రీలు కొన్నేండ్లు ఇందుకై పోరాడిరి. కోళికోడు నగరమున స్త్రీలే కట్టుకొన్న ఒక సంఘము ఆ పోరాటమునకు ముందు నడచినది. ఫలితముగా 2018లో అచటి ప్రభుత్వము దుకాణముల చట్టమును సవరించి, పనివారికి కూర్చుండుటకు పీట వేయవలెనని శాసించినది. తమిళనాడు 2021లో అటులే చేసినది. దినమునకు ఎనిమిది గంటలు నిలుచున్న కాళ్లకు నరములు ఉబ్బుట, మడమ నొప్పి, నెలసరి దినములలో నడుము విరుగుట యెట్టివో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. ఒక ఎత్తుపీట ఖరీదెంత? దానికి ఒక శాసనసభ కూడవలసి వచ్చినది!

మన రాష్ట్రములో 2025లో దుకాణముల చట్టమునకు జరిగిన సవరణ వేరు త్రోవను పోయినది. దినమునకు ఎనిమిది గంటలుగా నున్న పని పదిగంటల దాక పోవచ్చును. వారమునకు 48 గంటలు మించరాదు. ఆడువారు ఇష్టపడి ఒప్పుకొన్నచో, రక్షణయు వాహనమును చూపి రాత్రి పనికి కూడ పెట్టుకొనవచ్చును. నాలుగు దినములు పదేసి గంటలు చేసి, ఒక దినము తక్కువ చేసి, రెండు దినములు ఇంట నుండుట కొందరికి మేలే కావచ్చును. చంటిబిడ్డ తల్లికి మాత్రము పదిగంటలనగా, రాకపోకలతో కలిసి పండ్రెండు గంటలు. 'ఇష్టపడి' యన్న మాట కాగితము మీద నుండునదే. ఒప్పుకొనని పిల్లకు మరుసటి నెల పని యుండునో లేదో ఆ మాట చెప్పదు.

ఇంతవరకు చెప్పినవి వర్తకులిచ్చు కొలువులు. ప్రభుత్వమే అంగడి పెట్టి కొలువులిచ్చిన ముచ్చట మన రాష్ట్రములో ఈ నడుమ మూడు విధముల జరిగినది. నా బుద్ధికి ఇదియే అన్నింటికంటె ఆలోచింపదగినది.

మొదటిది రేషను బండ్లు. 2021 జనవరి 21వ తేదీన 9,260 వాహనములను అప్పటి ప్రభుత్వము ప్రారంభించినది. చౌకడిపో బియ్యము ఇంటి ముందునకు వచ్చునని చెప్పినది. ఒక్కొక్క బండి ఖరీదు సుమారు 5,81,000 రూపాయలు. అందులో నూటికి 60 వంతులు ప్రభుత్వపు సబ్సిడీ, 30 వంతులు బ్యాంకు అప్పు, 10 వంతులు బండి తీసికొనినవాడు పెట్టుకొనవలసినది. పది వంతులనగా యేబది యెనిమిది వేలు. బడుగు వర్గముల యువకుల కిచ్చిన బండ్లు గనుక, ఆ సొమ్ము కొరకు ఎన్ని యిండ్లలో ఇల్లాలి నానుతాడు కుదువకు పోయినదో ఊహింపవచ్చును. నెలకు మొదట 16,000 అనిరి. అది చాలదని గోల పుట్టగా 21,000 చేసిరి. అందులో బండి అద్దె 13,000, తోడుపనివానికి 5,000, చమురునకు 3,000. బండివానికి మిగులునది ఆ పదమూడు వేలలోనిదే. అప్పు వాయిదాయు అందులోనిదే.

ఆ కాలమున చౌకడిపో డీలర్లు పూర్తిగా పోలేదు గాని, వారి కొట్లు బియ్యపు మూటలు దాచు గదులుగా మారినవి. 2025 మే నెలలో నూతన ప్రభుత్వము బండ్లు చాలించెదమని ప్రకటించినది. బియ్యము దారి మళ్ళుచున్నదని కారణము చెప్పినది. జూను 1వ తేదీనుండి ఇరువది తొమ్మిది వేలకు మించిన చౌకడిపోలు తిరిగి తెరచుకొన్నవి. నెలలో మొదటి పదునైదు దినములు పూటపూట సరకిచ్చుట, అరువదియైదేండ్లు దాటినవారికిని అంగవైకల్యము గలవారికిని ఇంటికే చేర్చుట అను ఏర్పాటు చేసిరి. కూలికి పోవు స్త్రీకి ఇదియే సుఖమని నాకు తోచినది. బండి ఎప్పుడు వచ్చునో తెలియక ఒక దినము కూలి పోగొట్టుకొనుటకంటె, తన వీలున పోయి తెచ్చుకొనుట మేలు. కాని కొనువారి సుఖము వేరు, అమ్మువాని బ్రతుకు వేరు. నాలుగేండ్ల నాలుగు నెలలలో ఒక కొలువు పుట్టి గిట్టినది. వాహనములు వారికే విడిచెదమని ప్రభుత్వము పలికినది. బండి చేత నుండుట కొంత నయమే. దానిలో ఏమి మోసిన పదమూడు వేలు వచ్చునన్నది ఎవరికి వారు వెదకుకొనవలసిన సంగతి.

రెండవది మద్యపు దుకాణములు. ఈ మాట యీ పుటలో వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నను వ్రాయక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా కొట్టును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకగా 1993లో సారా పోయినది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. 2019 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వమే బెవరేజెస్ కార్పొరేషను ద్వారా కొట్లు నడిపి, పర్యవేక్షకులను అమ్మకపువారిని వేలకొలది ఒప్పందము మీద నియమించెను. డిగ్రీ చదివిన పిల్లలు, సర్కారు కొలువని, ఆ జాలి తలుపుల వెనుక నిలిచిరి. 2024 అక్టోబరు 16వ తేదీనుండి 3,396 కొట్లు తిరిగి ప్రైవేటువారి చేతికి పోయినవి. లాటరీలో పేరు వ్రాయించుకొనుటకే మరలరాని రుసుము రెండేసి లక్షల రూపాయలు. వచ్చిన దరఖాస్తులు దాదాపు తొంబదివేలు. ఒక రాష్ట్రములో ఒక కొలువు కొరకు కాక, ఒక కొట్టు కొరకు ఇంత సొమ్ము పోయుటకు సిద్ధముగా నున్నవారిని చూచి నేను విస్తుపోయితిని. అమ్మకపు పిల్లలు మాత్రము తమకు వేరు పని చూపుమని ఆందోళన చేసి, ఇండ్లకు మరలిరి. ఆ అంగడి మూతపడినందుకు విచారింపకున్నను, అందులో జీతము తీసికొని తల్లికి మందులు కొనిన పిల్లవానిని గూర్చి విచారింపక యుండలేము. "మద్యమమ్మినవానికి తగిన శాస్తి" యని కొందరు పెద్దమ్మలు అనుట వింటిని. అది న్యాయము కాదు. కొట్టు పెట్టినది వాడు కాదు.

మూడవది మనకు దగ్గరిది. 2020 ఆగస్టు 12వ తేదీన ప్రారంభించిన చేయూత పథకము. నలువదియైదు మొదలు అరువదేండ్ల లోపు వెనుకబడిన, దళిత, గిరిజన, మైనారిటీ వర్గముల స్త్రీలకు ఏటికి 18,750 రూపాయల చొప్పున నాలుగేండ్లలో 75,000 రూపాయలు. ఆ సొమ్ముతో కిరాణా కొట్లు పెట్టుకొనుడని ప్రోత్సహించి, హిందూస్థాన్ యూనిలీవర్, ఐటీసీ వంటి సంస్థలతో సరకుల కొరకు ఒప్పందములు చేసిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఆ సొమ్ము నిలిచినది. చూడుడు, ఈ మూడింటిలోను భేదమొకటి యున్నది. బండి పోయినది, మద్యపు కొలువు పోయినది. కాని చేయూత సొమ్ముతో కొట్టు పెట్టి, దానిని తన పేర నమోదు చేయించుకొనిన స్త్రీకి సొమ్ము నిలిచినను కొట్టు నిలిచినది. అరలలో సరకు, వీధిలో వాడుక, తన పేరి ఖాతా యివి మంత్రివర్గముతో మారవు. అదే సొమ్ము తీసికొని కొడుకు పేర బోర్డు వ్రాయించిన తల్లి, మరల ఆ పచారీ కొట్టు ఇల్లాలే యైనది.

ఇటీవల మరియొక తెర తీసిరి. విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్, జెప్టో వంటివారు ఫోనులో అడిగినంతనే పాలు పెరుగు ఇంటికి చేర్చుచున్నారు. వీరి కొట్లకు బోర్డులుండవు, కొనువారు లోపలికి పోరు, అవి గోదాములు. అందులో సరకు ఏరి సంచిలో వేయు పనికి స్త్రీలు కొందరు చేరుచున్నారు. బండి నడుపుకొని పోయి ఇచ్చువారు మాత్రము పురుషులే మెండు. నీతి ఆయోగువారు 2022లో ప్రకటించిన లెక్కలో ఇట్టి వేదికలమీద పనిచేయువారు దేశమంతట 2020-21 నాటికి 77 లక్షలు. 2029-30 నాటికి రెండు కోట్ల ముప్పదియైదు లక్షలగుదురని అంచనా. వీరు ఇన్నాళ్ళు కేంద్రపు కార్మిక చట్టములలో పనివారు కారు. 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో వీరి పేరు తొలిసారి ఎక్కినది. సంస్థలు తమ సాలీనా రాబడిలో నూటికి ఒకటి రెండు వంతులు వీరి నిధికి ఇయ్యవలెనని అందులో నున్నది. ఆ నిధి పిల్లవాని చేతికి కాలు విరిగిననాడు అందినప్పుడే దానిని మెచ్చుకొందము.

ఇప్పుడు "పోదునా?" అని యడుగుచున్న పిల్ల మాట. నన్నడిగిన పొమ్మనియే చెప్పుదును. అయితే తల్లి వెంట పోయి కొన్ని సంగతులు అడుగవలెను. అడుగుట మర్యాద కాదను సంకోచము వలదు. వరుని విచారించునప్పుడు ఇంతకు పదింతలు అడుగుదుము. నియామకపు కాగితము చేతికిత్తురా? ఇప్పటి చట్టమును బట్టి అది ఇచ్చి తీరవలెను. పనివారు పదిమందియో అంతకు మించియో యున్నచో, జీతము 21,000 లోపువారికి ఈఎస్ఐ వైద్యము కలదు. ఇరువదిమంది యున్నచో భవిష్యనిధి కలదు. జీతములో కోసిన సొమ్ము నిధిలో పడినదో లేదో ఫోనులోనే చూచుకొనవచ్చును. మూడు నెలల కొకసారియైనను చూడవలెను. కొట్టు మరియొకరి చేతికి పోయినచో పాత సర్వీసు లెక్కకు వచ్చునా యని యడుగవలెను. త్రినేత్ర మోర్ అయినట్లు రేపు ఏది యేమగునో ఎవరెరుగుదురు? కూర్చుండుటకు పీట కలదా, ఆడువారికి వేరు మరుగుదొడ్డి కలదా, గల్లాలో సొమ్ము తగ్గినచో జీతములో కోయుదురా? ఈ చివరి ప్రశ్న చాలమంది మరతురు. నెల చివర ఏడ్చునది దాని కొరకే.

కొట్టు నడుపుచున్న ఇల్లాండ్రకు వేరుగా చెప్పవలసినది కలదు. ఉద్యం నమోదు అను చిన్న వ్యాపారముల పత్రము ఉచితము. దానికి ఏ మధ్యవర్తికిని ఒక్క రూపాయి ఇయ్యనక్కరలేదు. తినుబండారములు అమ్ము ప్రతి కొట్టునకు ఆహారభద్రతా సంస్థవారి నమోదు ఉండితీరవలెను. అది భర్త పేరనే యున్నచో, కొత్తది తీయించునప్పుడు ఇరువురి పేర్లను గూర్చి మాటలాడుకొనుడు. తగవు కొరకు కాదు. బ్యాంకువారు అప్పిచ్చునది పేరున్నవారికే. భర్తకు జబ్బు చేసిననాడు టోకు వర్తకుడు సరకిచ్చునదియు పేరున్నవారికే. వీధిలో నందరికి ఆమెయే కొట్టుగలదని తెలిసినను, కాగితమునకు తెలియదు.

బస్సు సంగతి చెప్పుట మరచితిని. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రపు ఆర్టీసీ బస్సులలో కొన్ని తరగతులయందు స్త్రీలకు ఛార్జీ లేదు గనుక, పల్లెనుండి పట్టణపు మార్టునకు పోవు పిల్లకు నెలకు కొంత సొమ్ము మిగులుచుండును. అయితే మార్టులు రాత్రి పది గంటలవరకు తెరచియుండును. పల్లెకు చివరి బస్సు ఎనిమిదింటికే పోవును. పనిలో చేర్చుటకు ముందు ఆ చివరి బస్సు వేళ ఒక కాగితముమీద వ్రాసికొనిపోయి మేనేజరునకు చూపి, ఆ వేళకు విడుతురా యని అడిగి రండు.